గంజిగీతల నీలివస్త్రము

బట్టకు గంజి పెట్టుట మన యిండ్లలో నిత్యము జరుగు పని. పంచె మడత చెడకుండుటకును, నేతచీర పెళపెళలాడుటకును అన్నము వార్చిన గంజిని పెట్టి ఆరవేయుదుము. ఆ గంజితోనే బట్టమీద బొమ్మలు వ్రాయువారు కలరనినచో మనకు కొంత వింతగా తోచును. పశ్చిమ ఆఫ్రికాలోని నైజీరియా దేశమున యోరుబా జాతి స్త్రీలు నూరేండ్లకు పైగా ఈ పని చేయుచున్నారు. వారిది బియ్యపు గంజి కాదు, కర్రపెండలపు గంజి. మన సామర్లకోట, పెద్దాపురము ప్రాంతములలో సగ్గుబియ్యము తీయుటకు వాడు దుంపయే అది. బట్టకు బిగువు కలుగుటకు గాక, నీలిరంగు సోకకుండుటకు వారు గంజిని పూయుదురు. ఆ గంజిగీతలను బట్టమీదినుండి చిత్రపటము మీదికి తెచ్చిన యొక స్త్రీని గూర్చియు, ఆమెకు వెనుకనున్న పేరు తెలియని స్త్రీలను గూర్చియు నేడు ముచ్చటింపదలచితిమి.

ఈ అద్దకమునకు వారి భాషలో 'అదిరె' అని పేరు. మన చెవికిది క్రియాపదమువలె వినవచ్చును గాని, కట్టుట, రంగులో ముంచుట అను రెండు మాటలు కలిసి యేర్పడిన యోరుబా పదమిది. పేరు చెప్పునట్లు మొదట ఇది ముడివేసి అద్దు పనియే. రాఫియా అను చెట్టు నారతో బట్టను ముడులు కట్టి నీలికుండలో ముంచి తీసినచో, ముడి బిగిసిన చోట రంగు పట్టక తెల్లని వలయములు నిలుచును. దీనిని 'ఒనికో' అందురు. సూదితో కుట్లు వేసి లాగి బిగించి అద్దినది 'అలబెరె'. గంజితో వ్రాసి అద్దినది 'ఎలెకో'. మన కథ యంతయు ఈ మూడవదానిలోనే యున్నది.

కర్రపెండలపు పిండిని నీళ్ళలో కలిపి, కొంచెము పటికయు మైలుతుత్తమును చేర్చి చిక్కగా ఉడికింతురు. బట్టను గడులుగా విభజించుకొని, కోడి యీకను గాని, తాటియాకు ఈనెను గాని ఆ గంజిలో ముంచి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ఆకారమును చేతివాటముగా వ్రాయుదురు. చేప, కప్ప, తేలు, పక్షి, దువ్వెన, గొడుగు, కర్రపెండలపు ఆకు మున్నగునవి. ఇటువంటి రెండు బట్టలు కలిపి కుట్టినగాని స్త్రీ నడుమునకు చుట్టుకొను వస్త్రము కాదు. గడియలలో తేలు పని కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

వ్రాయు స్త్రీ వేరు, అద్దు స్త్రీ వేరు. అద్దునామె గుట్టంతయు ఆమె కుండలలో నున్నది. వారి నీలి మన నీలిచెట్టునుండి వచ్చునది కాదు. 'ఎలు' అని పిలువబడు అడవితీగ ఆకునుండి వచ్చును. లేతాకులను దంచి ఉండలుగా చేసి ఎండబెట్టి అంగడిలో అమ్ముదురు. అడుగున చిల్లులు గల కుండలో కట్టెల బూడిద పోసి, పైనుండి నీళ్ళు పోయగా క్రింది కుండలోనికి కారు క్షారజలమున ఆ ఉండలను నానవేయుదురు. కొన్ని దినములకు అది పులిసి, రంగు బట్టకు పట్టు స్థితికి వచ్చును. ముంచిన బట్ట కుండలోనుండి వెలికి వచ్చునప్పుడు నీలముగా నుండదు. పసుపు కలిసిన ఆకుపచ్చగా నుండి, గాలి తగిలిన కొలది కన్నుల యెదుటనే నీలమగును. ఎన్ని మునుకలు వేసిన అంత ముదురు. రేడియోలో ఈ మార్పును చూపలేకపోవుట మాకొక లోటే. కడపట, ఆరి గట్టిపడిన గంజిని గీకివేయగా, కారునీలము నడుమ లేతనీలపు గీతలు బయటపడును. గంజి రంగును పూర్తిగా ఆపజాలదు, కొంచెము చొరనిచ్చును. అందుచేత ఆ గీతలకు తెల్లని కటువుదనము లేదు, వెన్నెలవంటి మెత్తదన మున్నది.

మన మచిలీపట్టణపు కలంకారీ పనివారు పూర్వము నీలము వేయవలసి వచ్చినప్పుడు, నీలము కూడని చోటులన్నిటిని మైనముతో కప్పి బట్టను నీలితొట్టిలో ముంచెడివారు. అక్కడ మైనము, ఇక్కడ గంజి. రంగు వేయుటకంటె రంగును నిలువరించుటలోనే నేర్పు చూపుట రెండు తావులను కలదు.

యోరుబా స్త్రీలు తమ నమూనాలకు పేరులు పెట్టుకొనిరి. సముద్రదేవత పేర 'ఒలోకున్' అని యొకటి. 'ఇబాదాన్ దున్' అని యొకటి. ఇబాదాన్ పట్టణము మధురమైనదని దాని భావము. ఆ నగరమున 1920ల దశకమున కట్టిన మాపో హాలు అను పురమందిరపు స్తంభములు, వాని నడుమ గరిటెలు ఆ బట్టమీద వరుసగా కానవచ్చును. 1935లో ఐదవ జార్జి రాజు రజతోత్సవము జరిగినప్పుడు, రాజు రాణుల బొమ్మలు కూడ నీలిబట్ట కెక్కినవి. అయితే ఆ 'జూబిలీ' నమూనా యీకతో వ్రాసినది కాదు. రేకులో కత్తిరించిన అచ్చు మీదుగా గంజి రుద్దినది. రేకుపని పురుషులది, యీకపని స్త్రీలది. వెంటవెంట జరిగిన యేదో సంగతి బట్ట కెక్కుచుండెననియు, ఇది తాతల నాటినుండి మారక వచ్చినది కాదనియు గమనింపవలెను.

ఈ మాటను మేము కొంత పట్టుదలతో చెప్పుచున్నాము. ఆఫ్రికా కళను గూర్చి వ్రాయువారు 'అనాది సంప్రదాయము' అను మాటను తరచుగా వాడుదురు. నీలిరంగు ఆ ప్రాంతమున బహుపురాతనమే. కాని గంజితో సన్నని గీత వ్రాయుటకు నునుపైన బట్ట కావలెను. చేతినేత ముతకబట్టమీద ఆ గీత నిలువదు. ఆ నునుపుబట్ట మాంచెస్టరు మిల్లులనుండి వచ్చినది. కర్రపెండలము పోర్చుగీసువారి నావలలో అమెరికా ఖండమునుండి వచ్చినది. పరదేశపు బట్ట, పరదేశపు దుంప, స్వదేశపు నీలి, ఈ మూటిని కలిపి ఇరువదవ శతాబ్దపు తొలి దినములలో క్రొత్త కళను కల్పించినవారు ఆ స్త్రీలే.

ఈ వర్తకమునకు రాజధాని అబెయోకుట పట్టణము. 'బండ క్రింద' అని ఆ పేరున కర్థము. మన ఓరుగల్లువలె ఇదియు రాతి పేర వెలసినదే. 1830లో యుద్ధములకు చెదరిన ఎగ్బా తెగవారు ఒలుమో అను మహాశిల నీడన చేరి ఈ పట్టణమును కట్టుకొనిరి. రైలుమార్గము వచ్చిన తరువాత మిల్లుబట్ట సులువుగా దొరకెను. అద్దిన బట్ట గోల్డుకోస్టు, సెనెగల్ ప్రాంతముల వర్తకులదాక పోవుచుండెను. అద్దకపు స్త్రీలు బట్టను అరువు తెచ్చి, అద్ది అమ్మి, అప్పు తీర్చి, మిగిలినదానితో పిల్లలను చదివించుకొనిరి.

ఇంతలో ఐరోపా రసాయనశాలలు వారి కుండల దగ్గరకు వచ్చినవి. 1897లో జర్మనీలో కృత్రిమ నీలి అంగడి కెక్కినది. దానివలన మన కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాల నీలిసాగు ఎట్లు కూలినదో పెద్దలకు తెలియును. అబెయోకుటలో సాగు కూలుట కాదు, తగవు పుట్టినది. బూడిదనీళ్ళకు మారుగా కాస్టిక్ సోడాయు, ఆకు ఉండలకు మారుగా సీమనీలియు వాడినచో దినములలో జరుగు పని గంటలలో అగును. 1930ల దశకమున ఆర్థికమాంద్యము వచ్చి బట్ట అమ్ముడుపోకుండుటతో, తప్పంతయు సోడాదేయని, అది బట్టను చివికించుచున్నదని నింద వచ్చెను. అలాకె అని పిలువబడు అక్కడి రాజు రెండవ అదెమోలా సోడాను, సీమనీలిని నిషేధించెను. స్త్రీలు ఊరకుండలేదు. న్యాయవాదిని పెట్టుకొని వాదించిరి. 1936లో విచారణ జరిగెను. తుదకు నిషేధము తొలగిపోయెను.

ఈ తగవులో మేము ఎవరి పక్షమున నిలువవలెనో మాకే తేలలేదు. బూడిదనీళ్ళ పనితనము చెడకూడదని కోరుట న్యాయమే. కాని ఆ పనితనము కొరకు ఎక్కువ దినములు శ్రమించి తక్కువ ధరకు అమ్మవలసినది రాజు కాదు. పదియేండ్లు తిరిగిన పిమ్మట, స్త్రీలపై వేసిన పన్నును ఎదిరించి అదే పట్టణపు స్త్రీలు ఫున్మిలాయో రాన్సమ్ కూటి నాయకత్వమున ఉద్యమము నడపిరి. 1949 జనవరిలో అదే రాజు సింహాసనము విడిచి వెళ్ళవలసి వచ్చెను. మరుసటి యేటి చివర తిరిగి వచ్చెననుట వేరు సంగతి. ఆ ఉద్యమమును బాలుడుగా చూచినవాడే, 1986లో నోబెలు బహుమానము పొందిన వోలె షోయింకా.

స్వాతంత్ర్యము 1960లో వచ్చెను. అప్పటికే నీలివస్త్రమునకు దుర్దినములు దాపురించినవి. మిల్లులో అచ్చువేసిన రంగురంగుల బట్టలు చవుకగా వచ్చుచుండగా, అమ్మమ్మలు కట్టు నీలిబట్టను చదువుకొన్న పడుచులు మెచ్చలేదు. పిదప 'కంపాలా' అను పేర సీమరంగులతో నారింజ, ఊదా, ఆకుపచ్చ వన్నెల అద్దకము వాడుక కెక్కినది. అది త్వరగా అగును, యీక అక్కరలేదు.

ఇక కథ అబెయోకుటనుండి ఈశాన్యముగా ఒషోగ్బో పట్టణమునకు మరలును. ఈ యూరును నీలికి నెలవని చెప్పుట పూర్వపు వాడుక. ఊరి స్థలపురాణము కూడ నీలికుండలతోనే మొదలగును. వేటగాండ్రు నదీతీరమున చెట్టు నరకగా అది నీళ్ళలో కూలెనట. నదీదేవత ఒషున్, 'నా నీలికుండలన్నియు పగులగొట్టితిరే' యని యడుగున నుండి కేకవేసెనట. దేవతయే అద్దకపు స్త్రీ అయిన యూరది. 1950లో ఆస్ట్రియా దేశపు చిత్రకారిణి సుసాన్ వెంగర్ నైజీరియాకు వచ్చి, పిదప ఈ యూరను స్థిరపడి, ఒషున్ వనమును కాపాడుటకు జీవితము ధారపోసి 2009లో కన్నుమూసెను. ఆమెయు పెద్ద పెద్ద బట్టలపై గంజితో దేవతాచిత్రములు వ్రాసెను. ఉల్లి బయ్యర్, నాటకకర్త దురో లదిపో మున్నగువారు 1962లో ఇచ్చట ఒక కళాసంఘమును స్థాపించిరి. తరువాతి శిక్షణశిబిరములనుండి ట్విన్స్ సెవెన్ సెవెన్, జిమో బురైమో, మురైనా ఓయెలామి మున్నగు చిత్రకారులు వెలువడిరి. ఒషోగ్బో సంప్రదాయమని లోకము వారిని కొనియాడినది. ఆ పేరుల పట్టికను చూచినచో అన్నియు పురుషుల పేరులే. పట్టణమునకు కీర్తి తెచ్చిన నీలి మాత్రము స్త్రీల చేతిది.

ఆ పట్టికలో లేకయే ఆ యూరికి వచ్చిన స్త్రీ నీకె డేవీస్ ఒకుందాయె. ఈమె 1951లో నేటి కోగి రాష్ట్రమునందలి ఒగిది గ్రామమున జన్మించెను. చిన్ననాడే తల్లి గతింపగా ముత్తవ్వ చేతిలో పెరిగెను. ఆ వృద్ధురాలు నేతయు అద్దకమును ఎరిగిన పనిమంతురాలు. బాలిక ఆడుకొనవలసిన యీడున మగ్గము ప్రక్కను నీలికుండ ప్రక్కను కూర్చుండి చేతిపని నేర్చుకొనెను. తండ్రి పెండ్లి నిశ్చయింపగా ఇష్టములేక ఇల్లు విడిచి, ఊరూర తిరుగు నాటకసమాజమున చేరెనని ఆమెయే చెప్పుకొన్నది. పిమ్మట ట్విన్స్ సెవెన్ సెవెన్‌కు భార్యలలో ఒకతె యయ్యెను. ఏడు కాన్పుల కవలలలో మిగిలినది తానొక్కడనే యని చెప్పుకొన్న ఆ విచిత్రపురుషుడు చిత్రకారుడు, గాయకుడు, నర్తకుడు, 2011లో మరణించెను. పెక్కుమంది భార్యలున్న ఆ యింట బ్రదుకు సుఖముగా సాగలేదు. కాని పగలు అద్దకము, రాత్రి చిత్రలేఖనము ఆమెకు అలవడినవి. 1968లో లాగోసులోని జర్మను సాంస్కృతిక కేంద్రమున ఆమె కృతుల ప్రథమ ప్రదర్శనము జరిగెను. 1974లో అమెరికాకు పోయి అద్దకము నేర్పి వచ్చెను. పురుషులు నేయుటయు, స్త్రీలు తమ పేర తాము బ్రతుకుటయు అక్కడ చూచి తాను మారితినని ఆమె పలుమార్లు చెప్పినది. ఆ సంసారమును విడిచి, తన కాళ్ళపై తాను నిలిచెను.

ఆమె చిత్రములలో తొలుత కంటబడునది ఖాళీస్థలము లేకుండుట. పటమంతయు గీతలే. సంతకు పోవు స్త్రీలు, డోలు వాయించువారు, కొమ్మలలో పక్షులు, నదీదేవత ఒషున్. ఈ ఆకారములన్నిటి లోపలను వెలుపలను అదిరె గడులు నిండియుండును. చేప, దువ్వెన, తేలు, ఆకు, స్తంభము, గరిటె, బట్టమీద ఏవి యున్నవో అవియే. స్త్రీ కట్టిన వస్త్రమున నమూనా యుండుట సహజము. ఆమె ముఖముపైనను, ఆకాశమునందును, చెట్టు మొదలునందును నమూనా పాకిపోవును. తైలవర్ణములతో వ్రాసిన పటములు కలవు. కలముతో సిరాతో వ్రాసినవి కలవు. నిజముగా గంజిపెట్టి నీలిలో ముంచి తీసిన వస్త్రచిత్రములును కలవు. మేము ప్రతికృతులలో చూచినంతవరకు ఈ చివరివానియందే ఆమె ప్రతిభ ఎక్కువగా కానవచ్చినది. తైలపటములలో కొన్నింట మెరుగులు ఎక్కువై, వచ్చినవారు కొనిపోవుటకు వ్రాసినట్లు తోచును. నీలివస్త్రములలో ఆ దోషము లేదు. అక్కడ చేయి తప్పినచో దిద్దుటకు వీలులేదు గదా.

బట్టమీది దానిని పటము మీద కెక్కించుట సంప్రదాయమును చెరచుటయే అని యనువారు కలరు. కట్టుకొని, ఉతికి, వెలిసి, చిరుగు వస్త్రమును గోడకు తగిలించినచో అది చచ్చినదేయని వారి వాదము. ఈ వాదమున కొంత సత్యము లేకపోలేదు. కాని మాంచెస్టరు బట్టను, బ్రెజిలు దుంపను తమవిగా చేసికొన్న స్త్రీల వారసురాలు తైలవర్ణమును, చిత్రపటమును తనవిగా చేసికొనుటలో తప్పేమున్నదో మాకు బోధపడదు. పైగా ఇంకొక సంగతి యున్నది. సంగ్రహాలయములలో దాచిన పాత అదిరె వస్త్రములు తరచుగా యోరుబా స్త్రీ చేతిపని అను మాటతోనే నిలిచిపోవును. ఏ స్త్రీయో తెలియదు. 'ఇబాదాన్ దున్' మొదట వ్రాసిన చేయి ఎవరిదో లోకమునకు తెలియకపోయినది. ఆ గడులు, ఆ తేళ్ళు, ఆ దువ్వెనలు క్రింద సంతకముతో వెలువడినది నీకె వంటివారి పటములపైనే.

ఆమె ఒక్కతెయే బాగుపడియుండినచో ఈ ప్రసంగము అవసరమయ్యెడిది కాదు. 1983లో ఒషోగ్బోలో ఆమె ఒక శిక్షణాలయమును స్థాపించి, అద్దకము, నేత, చిత్రలేఖనము రుసుము లేకుండ నేర్పించెను. స్వగ్రామమైన ఒగిదిలోను, అబూజాలోను శాఖలు వెలసినవి. 2009లో లాగోసు నగరమున బహు అంతస్తుల చిత్రశాల తెరచెను. వేలకొలది కృతులున్న ఆ భవనము పశ్చిమాఫ్రికాలో అతిపెద్ద చిత్రశాలలలో ఒకటిగా పేరొందినది. ఇటలీలో దుస్థితి పాలైన నైజీరియా యువతులకు చేతిపని నేర్పినందులకు 2006లో ఆ ప్రభుత్వము ఆమెను గౌరవించెను. స్వగ్రామము ఆమెకు 'యెయె ఒబా' అను బిరుదు నిచ్చినది. యువతీయువకులకు ఆమె 'మామా నీకె'.

మన దేశపు నేతకు కూడ ఆ దేశముతో పాతబంధుత్వ మున్నదని శ్రోతలలో చీరాల ప్రాంతమువారికి జ్ఞప్తి చేయనక్కరలేదు. అక్కడి మగ్గములపై నేసిన మద్రాసు చేతిరుమాళ్ళు నైజీరియా స్త్రీలకు పెండ్లిబట్టలు, పండుగబట్టలు అయినవి. దిగుమతులపై ఆ దేశము ఆంక్షలు పెట్టినప్పుడు ఇక్కడ మగ్గము లాగినవి. దూరదేశపు స్త్రీ కట్టుబట్ట మనకేల యని యనువారికి ఆ నేతగాండ్రు సమాధానము చెప్పగలరు.

నేడు అబెయోకుటలోని ఇటోకు అంగడిలో అదిరె మరల గిరాకి కెక్కినది. ఓగున్ రాష్ట్రప్రభుత్వము దానిని తన సొత్తుగా చాటుచున్నది. దానితోపాటు చైనానుండి వచ్చిన అచ్చుబట్టయు అదే అంగడిలో అదే నమూనాలతో దిగినది; ధర చేతిపనికంటె చాల తక్కువ. దూరమునుండి చూచువానికి రెండును ఒకటియే. ఎరిగినవారు మాత్రము ముఖభాగమును చూడరు. అంచు పట్టి బట్టను త్రిప్పి చూతురు. అచ్చువేసిన బట్టకు వెనుకభాగము వెలవెలబోయి యుండును. గంజి ఒక ప్రక్కనే పూసినది గనుక, చేత వ్రాసి కుండలో ముంచిన బట్టకు ముందుకంటె వెనుకభాగమే ముదురుగా, గీత లేకుండ, నిండు నీలముగా నుండును.